ఏఐ ఏజెంటుకు టూల్ వివరణ ఎలా రాయాలి: మార్కెట్ యార్డు ధరల ఏపీఐ ఉదాహరణతో

మా బాబాయి పల్నాడులో మిరప పండిస్తారు. ఆయన వంటివారికి ఉపయోగపడాలని నేను ఒక చిన్న ఏజెంటును తయారుచేశాను. తెలుగులో అడిగితే ఏ యార్డులో ఏ సరుకు ఎంత పలికిందో చెప్పడం దాని పని. అందుకు కావలసిన సమాచారాన్ని అది కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక అయిన డేటా.గవ్.ఇన్ అందించే రోజువారీ మార్కెట్ ధరల ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరొకదాన్ని అడిగి సమాచారం తెచ్చుకునే దారి) నుంచి తెచ్చుకుంటుంది. మొదటిసారి ఫోను చేతికిచ్చినప్పుడు బాబాయి, "మన రాష్ట్రంలో ఇవాళ మిర్చి ఎంత ఉంది?" అని అడిగారు. ఏజెంటు చక్కని తెలుగులో, ఏ తడబాటూ లేకుండా ఒక ధర చెప్పింది. ఆయన కాసేపు ఫోను వైపే చూసి, "ఇది కూరగాయల మార్కెట్లో పచ్చిమిర్చి రేటు అబ్బాయ్. మిర్చి అంటే ఎండుమిర్చి కాదా?" అన్నారు.

నా కోడ్‌లో తప్పు లేదు. ఏపీఐ తనను అడిగిన సరుకుకు సరైన ధరే ఇచ్చింది. మోడల్ (ఏజెంటు వెనుక ఉండి భాషను అర్థం చేసుకునే ఏఐ) కూడా తన దగ్గర ఉన్న సమాచారంతో చేయగలిగిందే చేసింది. తప్పంతా నేను రాసిన వివరణలో ఉంది. టూల్ (ధరలు తెచ్చేందుకు మోడల్ పిలిచే ఫంక్షన్) గురించి "మార్కెట్ ధరలు తెస్తుంది" అని, పారామీటర్ (టూల్‌కు పంపే విలువ) గురించి "పంట పేరు" అని రాసి ఊరుకున్నాను. ఆ సరుకుల జాబితాలో పచ్చిమిర్చి, ఎండుమిర్చి రెండు వేర్వేరు పేర్లతో ఉన్నాయన్న సంగతి మోడల్‌కు నేను ఎక్కడా చెప్పలేదు. ఆ తరువాత కొన్ని వారాల పాటు కోడ్ ముట్టుకోకుండా వివరణలనే దిద్దుకుంటూ వచ్చాను. ఆ పనిలో నేర్చుకున్నదాన్ని, మీరు మీ ఏపీఐకి అన్వయించుకోగలిగే విధంగా, ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. మోడల్‌కు మీ కోడ్ కనిపించదు, ఏపీఐ పత్రాలు కనిపించవు, మీ మనసులో ఉన్నది అసలే కనిపించదు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్‌ను (మోడల్ బయటి ఫంక్షన్లను పిలిచే పద్ధతిని) తెచ్చినప్పుడైనా, 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను (ఏజెంటును బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణాన్ని) ప్రకటించినప్పుడైనా మోడల్ ముందుకు వెళ్లేవి ప్రధానంగా మూడే: టూల్ పేరు, దాని వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ విలువలు ఏ రూపంలో ఉండాలన్న నిర్వచనం). ఏ టూల్‌ను ఎప్పుడు కాల్ చేయాలి, ఏ విలువలు పంపాలి అన్న నిర్ణయాలన్నీ అది ఈ మూడింటిని చదివే తీసుకుంటుంది. కొత్తగా చేరిన గుమాస్తాకు మీరు ఒక చీటీ రాసి పెట్టి ఊరు వెళ్లిపోయారనీ, మీకు ఫోను చేసి అడిగే వీలు అతనికి లేదనీ అనుకోండి. ఆ చీటీ ఎంత జాగ్రత్తగా రాస్తారో టూల్ వివరణ కూడా అంత జాగ్రత్తగా రాయాలి.

మొదటి మెట్టు: రాయకముందు ఏపీఐని మీ చేత్తో మీరే వాడండి

వివరణ రాయడానికి కూర్చునే ముందు ఆ ఏపీఐని కనీసం ఇరవై, ముప్పై సార్లు స్వయంగా కాల్ చేసి, వచ్చిన జవాబులను కళ్లతో చదవండి. ఇది విసుగు పుట్టించే పనే అయినా దీన్ని వదిలేస్తే మిగతా మెట్లన్నీ ఊహ మీద కట్టినవే అవుతాయి.

ధరల ఏపీఐ విషయంలో నాకు కనిపించినవి ఇవి. ప్రతి రికార్డులో రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, గ్రేడు, సరుకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (ఇంగ్లీషులో modal, ఏఐ మోడల్‌తో దీనికి సంబంధం లేదు) ఉంటాయి. ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి గాని, రికార్డులో ఆ సంఖ్య పక్కన ప్రమాణం ఏదీ రాసి ఉండదు. తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో ఇస్తారు. కాబట్టి 03/04/2025 అంటే ఏప్రిల్ 3, మార్చి 4 కాదు. సరుకు పేరు, మార్కెట్ పేరు జాబితాలో ఉన్నది ఉన్నట్టుగా ఇస్తేనే ఫలితం వస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఏ ఎర్రరూ చూపకుండా ఖాళీ జాబితా తిరిగి వస్తుంది. అందరికీ ఇచ్చే నమూనా కీతో (ఏపీఐ వాడేందుకు కావలసిన సంకేతపదంతో) ఒక్క కాల్‌కు 10 రికార్డులే వస్తాయి, నమోదు చేసుకుని సొంత కీ తెచ్చుకున్నాకనే ఎక్కువ అడగవచ్చు. యార్డుకు ఎన్ని బస్తాలు వచ్చాయన్న లెక్క ఈ రికార్డుల్లో లేదు.

ఇందులో ప్రతి వాక్యమూ మోడల్ ఎక్కడో ఒకచోట కాలుజారగల తావే. మీ ఏపీఐకి కూడా ఇలాంటి పట్టీ ఒకటి రాసుకోండి, ఎందుకంటే మీరు రాయబోయే వివరణకు ముడిసరుకు అదే.

రెండవ మెట్టు: ఏది ఒక టూల్, ఏవి రెండు టూల్స్ అన్నది తేల్చుకోండి

ఏపీఐలో ఎన్ని చిరునామాలు ఉంటే అన్ని టూల్స్ చేయడం, ప్రతి పారామీటర్‌నూ యథాతథంగా మోడల్‌కు అప్పగించడం చాలామంది చేసే పొరపాటు. జవాబు ఏ రూపంలో కావాలి, ఏ రికార్డు నుంచి మొదలుపెట్టాలి, ఏపీఐ కీ ఏది అన్నవి మోడల్ ఆలోచించవలసిన విషయాలు కావు. వాటిని మీ కోడ్‌లోనే ఉంచేయండి. కీని పారామీటర్‌గా పెట్టడం భద్రత దృష్ట్యా కూడా తగదు.

రైతు వైపు నుంచి చూస్తే ఉన్నవి రెండే ప్రశ్నలు. ఇవాళ ఎంత ఉంది? మొన్నటి నుంచి, కిందటేడు నుంచి ఎలా నడిచింది? డేటా.గవ్.ఇన్‌లో కూడా తాజా రోజు ధరలు ఒక జాబితాగా, పాత తేదీల ధరలు మరొక జాబితాగా ఉన్నాయి. అందుకని రెండు టూల్స్ చాలనుకున్నాను. అయితే రెండు టూల్స్ పక్కపక్కన ఉన్నప్పుడు వాటి మధ్య గట్టు స్పష్టంగా వేయాలి. "నిన్న" అంటే ఏ టూల్? "ఈ వారం" అంటే ఏది? ఈ ప్రశ్నలకు రెండు వివరణల్లోనూ ఒకే జవాబు ఉండాలి. ఒక వివరణలో రెండవ టూల్ పేరు ప్రస్తావించి, "దానికి ఆ టూల్ వాడాలి" అని రాయడం వల్ల నాకు కలిగిన మేలు మరే సవరణ వల్లా కలగలేదు.

మూడవ మెట్టు: పేరు

దీని మీద ఎక్కువసేపు గడపనక్కరలేదు. "డేటా_తెచ్చు" అన్న పేరు ఏమీ చెప్పదు. "మండీ_నేటి_ధరలు", "మండీ_పాత_ధరలు" అన్నవి చూడగానే తేడా తెలుస్తుంది. చదువరుల సౌకర్యం కోసం ఇక్కడ పేర్లను తెలుగు లిపిలో చూపుతున్నాను గాని, చాలా వేదికలు టూల్ పేరులో ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను, హైఫన్‌ను మాత్రమే అనుమతిస్తాయి కాబట్టి మీ ఫైలులో ఆ నియమం పాటించండి.

నాలుగవ మెట్టు: వివరణ రాయండి

నా మొదటి వివరణ పూర్తిగా ఇది: "మార్కెట్ ధరలు తెస్తుంది." ఎన్నో దిద్దుబాట్ల తరువాత అదే టూల్‌కు ఇప్పుడు ఉన్న వివరణ ఇలా ఉంది:

"వ్యవసాయ మార్కెట్ యార్డుల్లో తాజాగా నమోదైన రోజు టోకు ధరలను ఇస్తుంది. ఒక సరుకు ఇవాళ ఏ యార్డులో ఎంత పలికిందని వినియోగదారు అడిగినప్పుడు దీన్ని వాడాలి. నిన్నటితో సహా గత తేదీల ధరలకు, ధరల పోకడకు మండీ_పాత_ధరలు అనే టూల్ వాడాలి. చిల్లర ధరలు, కనీస మద్దతు ధర, రేపటి ధర అంచనా, యార్డుకు వచ్చిన సరుకు పరిమాణం ఇందులో లేవు. వాటిని అడిగితే ఈ టూల్‌ను కాల్ చేయకుండా, ఆ సమాచారం ఇక్కడ లేదని చెప్పాలి. ధరలన్నీ క్వింటాలుకు, అంటే 100 కిలోలకు, రూపాయల్లో ఉంటాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. అది సగటు కాదు. ఒక్క ధర అడిగితే మోడల్ ధర చెప్పి, కనిష్ఠ, గరిష్ఠ ధరలను దానికి తోడుగా ఇవ్వాలి. ఫలితం ఖాళీగా వస్తే ఆ యార్డు నుంచి ఆ సరుకు ధర నమోదు కాలేదని మాత్రమే అర్థం. ధర సున్నా అని గాని, సరుకు రాలేదని గాని చెప్పకూడదు."

ఇందులో ప్రతి వాక్యం వెనుకా ఒక తప్పు జవాబు ఉంది. మద్దతు ధర మాట ఎందుకు చేర్చానో చెబుతాను. "వడ్ల మద్దతు ధర ఎంత?" అని ఒకరు అడిగితే ఏజెంటు ఈ టూల్‌నే కాల్ చేసి, ఒక యార్డులో ఆ రోజు పలికిన మోడల్ ధరను మద్దతు ధరగా చెప్పింది. మద్దతు ధర కేంద్ర ప్రభుత్వం ప్రకటించేది. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి అది క్వింటాలుకు 2,369 రూపాయలు. యార్డులో పలికే ధర అంతకంటే తక్కువ ఉండవచ్చు, ఎక్కువ ఉండవచ్చు. ఆ రెండింటినీ కలిపేస్తే, తన పంటకు మద్దతు ధర దక్కిందో లేదో తెలుసుకోవాలనుకున్న రైతుకు మనం తప్పు దారి చూపించినవాళ్లం అవుతాం. టూల్ ఏమి చేయదో చెప్పడం అది ఏమి చేస్తుందో చెప్పడంతో సమానమైన పని అని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఖాళీ ఫలితం సంగతి కూడా అలాంటిదే. గుంటూరు మిర్చి యార్డులో శని, ఆదివారాల్లో క్రయవిక్రయాలు ఉండవు, వేసవిలో పొడవైన సెలవులు ఉంటాయి. యార్డు సిబ్బంది వివరాలు నమోదు చేసిన తరువాతే రికార్డు కనిపిస్తుంది కాబట్టి మామూలు రోజుల్లో కూడా పొద్దున్నే అడిగితే ఏమీ రాకపోవచ్చు. కారణాలు ఇన్ని ఉండగా మోడల్‌కు చేరేది ఒక ఖాళీ జాబితా మాత్రమే. అర్థం మనం చెప్పకపోతే అది తానే ఒక అర్థం కల్పించుకుంటుంది, దాన్ని నిజమన్నంత నమ్మకంగా చెబుతుంది.

అన్నిటికన్నా ముందు రావలసింది టూల్ పని, దాన్ని వాడవలసిన సందర్భం. మినహాయింపులు ఆ తరువాత, ప్రమాణాలు, ఫలితం చదివే తీరు చివర. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. "ఎల్లప్పుడూ ఈ టూల్‌నే వాడాలి", "అత్యంత ముఖ్యం" వంటి గట్టి మాటలతో వివరణను నింపకండి. అలా రాసినప్పుడు నా ఏజెంటు, మిరపకు పట్టిన తెగులు గురించి అడిగినా ధరల టూల్‌ను కాల్ చేయడం మొదలుపెట్టింది. సందర్భాన్ని ఖచ్చితంగా చెబితే చాలు, గొంతు పెంచనక్కరలేదు.

ఐదవ మెట్టు: పారామీటర్లు, అందులోనూ పేర్లు

తెలుగు వాడే ఏజెంటుకు అసలు కష్టం ఇక్కడే ఉంది కాబట్టి దీనికి మీ సమయంలో సగం కేటాయించండి.

ఏపీఐ సరుకులను ఇంగ్లీషు పేర్లతో, తనదైన వర్ణక్రమంతో పిలుస్తుంది. మన రైతు తన ఊరి మాటతో అడుగుతాడు. ఈ రెండింటి మధ్య వారధి కట్టే బాధ్యతను మోడల్‌కు వదిలేస్తే, అది చాలాసార్లు సరిగానే కడుతుంది. కట్టలేనప్పుడు తప్పు కట్టానని దానికి తెలియదు. "శనగలు" అంటే బెంగాల్ గ్రామ్, "శనక్కాయలు" అంటే వేరుశనగ. రాయలసీమ రైతుకు ఈ తేడా పుట్టుకతో తెలుసు, మోడల్ మాత్రం రెండింటినీ ఒకే మాట అనుకునే ప్రమాదం ఉంది. తెలంగాణలో "మక్కలు" అంటే మొక్కజొన్న. "జొన్నలు" వేరే పంట. "ఉల్లిగడ్డ" ఉల్లిపాయ, "ఎల్లిగడ్డ" వెల్లుల్లి. మాటతో అడిగినప్పుడు గొంతును అక్షరాలుగా మార్చే దశలో ఒక్క అచ్చు మారితే చాలు, సరుకే మారిపోతుంది. రాయలసీమలో ఉల్లిపాయను "ఎర్రగడ్డ" అని, బంగాళాదుంపను "ఉర్లగడ్డ" అని అంటారు. వడ్లు, ధాన్యం ఒకటే గాని బియ్యం వేరు. కందులు వేరు, కందిపప్పు వేరు. జాబితాలో కూడా అవి రెండు సరుకులు.

కాబట్టి సరుకు పారామీటర్‌ను స్వేచ్ఛగా ఏదైనా రాయగల ఖాళీగా వదలకండి. స్కీమాలో అనుమతించిన విలువల జాబితాను, అంటే ఈనమ్‌ను, ఇవ్వండి. ఏపీఐలో సరుకులు వందల్లో ఉంటే అన్నీ ఇవ్వనక్కరలేదు. మీ వినియోగదారులు నిజంగా అడిగేవి ఎంచుకుని, మిగిలినవాటికి సరుకు పేరు వెతికిపెట్టే చిన్న టూల్ ఒకటి పక్కన పెట్టవచ్చు. ఆ పారామీటర్ వివరణలో వాడుక మాటలను ఇలా చేర్చండి:

"సరుకు పేరు, కింది జాబితాలో ఉన్నట్టుగానే ఇవ్వాలి. ఎండుమిర్చి, మిరపకాయలు, తేజ, బాడిగ అంటే డ్రై చిల్లీస్. పచ్చిమిర్చి, పచ్చిమిరపకాయలు అంటే గ్రీన్ చిల్లీ. రకం ఏదో చెప్పకుండా 'మిర్చి' అని మాత్రమే అంటే: యార్డు పేరు గుంటూరు, వరంగల్, ఖమ్మం అయితే డ్రై చిల్లీస్ తీసుకోవాలి, లేకపోతే ఎండుమిర్చా, పచ్చిమిర్చా అని ఒక్కసారి అడగాలి."

చివరి వాక్యాన్ని చూడండి. ఎప్పుడు ఊహించవచ్చో, ఎప్పుడు అడగాలో చెప్పే హద్దు అది. అది లేకముందు ఏజెంటు ఊహించేది. "సందేహం ఉంటే అడుగు" అని మాత్రమే రాసినప్పుడు ప్రతి ప్రశ్నకూ ఎదురు ప్రశ్న వేసి జనాన్ని విసిగించేది. ఏ ఆధారం దొరికితే ఊహించవచ్చో పేరు పెట్టి చెప్పాకే దాని తీరు మనిషి తీరుకు దగ్గరగా వచ్చింది.

తేజ, బాడిగ వంటివి సరుకులు కావు, రకాలు. ఏపీఐలో రకానికి వేరే గడి ఉంది. మోడల్ "తేజ"ను సరుకు పేరుగా పంపితే ఖాళీ ఫలితం వస్తుంది. అందుకే రకాన్ని విడి పారామీటర్‌గా పెట్టి, అది తప్పనిసరి కాదని, యార్డులు రకాన్ని ఒక్కొక్కప్పుడు ఒక్కో విధంగా నమోదు చేస్తాయి కాబట్టి రకంతో ఏమీ దొరకకపోతే రకం లేకుండా మళ్లీ అడిగి, ఆ సంగతి జవాబులో చెప్పాలని రాశాను.

ఊళ్ల పేర్లకు మరొక చిక్కు ఉంది. తెలంగాణలో 2014లో 10గా ఉన్న జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. మదనపల్లె అప్పటివరకు చిత్తూరు జిల్లాలో ఉండేది, తరువాత అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పాత రికార్డులు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి, మోడల్ నేర్చుకున్నది ఏ నాటి పటమో మనకు తెలియదు. జిల్లా పేరు మీద ఆధారపడే టూల్ ఇక్కడ తప్పకుండా తడబడుతుంది. నేను జిల్లా పారామీటర్‌ను తీసేసి, రాష్ట్రం, మార్కెట్ ఈ రెండే ఉంచాను. వివరణతో సరిదిద్దలేని గందరగోళం ఎదురైనప్పుడు ఆ పారామీటరే లేకుండా చేయడం ఉత్తమం.

తేదీ గురించి రెండు మాటలు. మోడల్ నుంచి ఏ రూపంలో తీసుకుంటారో ఉదాహరణతో సహా రాయండి. నేను సంవత్సరం-నెల-రోజు వరుసలో తీసుకుని, ఏపీఐకి కావలసిన రూపంలోకి కోడ్‌లో మార్చుకుంటాను. "మొన్న", "కిందటి వారం" వంటి మాటలను తేదీగా మార్చడానికి మోడల్‌కు ఇవాళ్టి తేదీ తెలియాలి కాబట్టి దాన్ని సంభాషణ మొదట్లోనే మీరు అందించాలి.

ఆరవ మెట్టు: తిరిగి వచ్చేదాన్ని కూడా వివరణలాగే చూడండి

టూల్ ఇచ్చే ఫలితాన్ని కూడా మోడల్ చదువుతుంది. మొదట్లో నేను ఏపీఐ జవాబును ఉన్నది ఉన్నట్టు ముందుకు తోసేవాణ్ణి. రాష్ట్రమంతటిలో టమాటాకు ఎక్కువ ధర ఎక్కడ ఉందని అడిగితే, నమూనా కీతో వచ్చిన 10 రికార్డుల్లో పెద్ద సంఖ్యను తీసి, "రాష్ట్రంలో అత్యధికం ఇదే" అని ఏజెంటు చెప్పింది. మొత్తం ఎన్ని రికార్డులు ఉన్నాయో చెప్పే సంఖ్య జవాబులోనే ఉంది గాని, దాని ప్రాముఖ్యం మోడల్‌కు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఫలితం మొదటి పంక్తిలోనే "మొత్తం రికార్డుల్లో ఇవి కొన్ని మాత్రమే, అత్యధికం, అత్యల్పం అని చెప్పడానికి ఇవి చాలవు" అన్న మాటను కోడ్ చేరుస్తుంది. సొంత కీ తెచ్చుకుని అన్ని రికార్డులూ లాగి, పెద్దది చిన్నది కోడ్‌లోనే లెక్కకట్టి ఇవ్వడం ఇంకా మంచిది. కూడికలు, పోలికలు కోడ్ చేయగలిగినప్పుడు వాటిని మోడల్‌కు వదలకండి.

ప్రమాణాలను ఫలితంలో కూడా రాయండి. "మోడల్ ధర" అన్న గడి పేరును "మోడల్_ధర_క్వింటాలుకు_రూపాయల్లో" అని మార్చడానికి ఒక్క నిమిషం పడుతుంది. మన దగ్గర ధరను క్వింటాలులో అడిగేవారు కొందరే. వడ్లను బస్తా లెక్కన అడుగుతారు; ఆంధ్రలో వడ్ల బస్తా అంటే సాధారణంగా 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల బస్తాలు కనిపిస్తాయి. నెల్లూరులో పుట్టి లెక్క, అంటే 850 కిలోలు. మదనపల్లెలో టమాటాను బాక్సుల్లో అమ్ముతారు. కాబట్టి "బస్తా ఎంత?" అని అడిగితే క్వింటాలు ధర చెప్పి, బస్తా ఎన్ని కిలోలని అడిగిన తరువాతే లెక్క మార్చాలని వివరణలో రాశాను. పుట్టికి మాత్రం 850 కిలోల లెక్కను నెల్లూరు ప్రశ్నలకే పరిమితం చేసి ఇచ్చాను.

ఎర్రర్ సందేశాలు కూడా ఈ మెట్టులోకే వస్తాయి. "ఎర్రర్ 400" అన్నది మోడల్‌కు ఏ దారీ చూపదు. "మార్కెట్ పేరు 'మదనపల్లె' జాబితాలో లేదు. దగ్గరి పేరు 'మదనపల్లి'. ఆ పేరుతో మళ్లీ కాల్ చేయండి" అని మీ కోడే చెబితే, తరువాతి కాల్‌లోనే అది తనను తాను దిద్దుకుంటుంది. సర్వర్ స్పందించనప్పుడు మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలో, ఆ తరువాత వినియోగదారుతో ఏమి చెప్పాలో కూడా ఆ సందేశంలోనే రాయవచ్చు. ధర దొరకనప్పుడు ఏజెంటు తన జ్ఞాపకం నుంచి ఒక సంఖ్య చెప్పకూడదన్న మాటను ప్రతి ఎర్రర్ చివరా చేర్చాను. సరుకు లారీకెత్తాలా, నిల్వ ఉంచాలా అని ఆలోచించే మనిషి ఆ సంఖ్యను నమ్ముకుంటాడు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎంత కఠినంగా ఉన్నా అతి కాదు.

ఏడవ మెట్టు: పొడవు, భాష

ప్రతి టూల్ వివరణా ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుకు వెళుతుంది, టోకెన్లను (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే చిన్న ముక్కలను) తింటుంది. రెండు మూడు టూల్స్ ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి ఎనిమిది, పది వాక్యాలు పెద్ద భారం కాదు. టూల్స్ ముప్పై అయినప్పుడు మాత్రం తగ్గించుకోవాలి. అలా తగ్గించేటప్పుడు ముందు మినహాయింపులను కత్తిరించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. ఏపీఐ చరిత్ర, దాన్ని ఎవరు నడుపుతారు, లోపల ఏ డేటాబేసు ఉంది వంటివి తీసేయండి.

తెలుగు పాఠానికి చాలా మోడళ్లలో ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. నేను నియమాలను సరళమైన ఇంగ్లీషులో రాసి, వాడుక మాటలను మాత్రం తెలుగు లిపిలో ఉంచుతున్నాను. "మక్కలు" అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి రాస్తే వినియోగదారు తెలుగులో టైపు చేసిన మాటతో అది సరిగా కలవకపోవచ్చు. రెండు లిపుల్లోనూ అడిగేవారు ఉన్నారు కాబట్టి ముఖ్యమైన పదిహేను, ఇరవై సరుకులకు రెండు రూపాలూ ఇచ్చాను.

ఎనిమిదవ మెట్టు: ప్రశ్నలతో పరీక్షించండి

ఒక పట్టిక తయారుచేయండి. మొదటి గడిలో ప్రశ్న, రెండవ గడిలో ఏ టూల్ కాల్ కావాలి, మూడవ గడిలో ఏ విలువలు వెళ్లాలి. ప్రశ్నలు మీరు కూర్చుని కల్పించినవి కాకుండా, నిజంగా వాడేవారు అడిగిన మాటల్లోనే ఉండాలి. మా బాబాయి, ఆయన పక్క పొలం రైతులు అడిగినవాటినే నేను యథాతథంగా రాసుకున్నాను. ఏ టూల్‌నూ కాల్ చేయకూడని ప్రశ్నలు కనీసం పావు వంతు ఉండాలి: "రేపు పెరుగుతుందా?", "మిర్చికి మద్దతు ధర ఎంత?", "ఇవాళ యార్డుకు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి?" వంటివి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మిర్చి లేదు కాబట్టి రెండవ ప్రశ్నకు ఏ సంఖ్య చెప్పినా అది తప్పే అవుతుంది.

వివరణలో ఒక్క వాక్యం మార్చినా పట్టిక మొత్తాన్నీ మళ్లీ నడపండి. మిర్చి కోసం చేర్చిన వాక్యం వల్ల ఒకసారి మిరియాల ప్రశ్న చెడింది. పట్టిక లేకపోతే అది నాకు తెలిసేదే కాదు. ఒకే ప్రశ్నను నాలుగైదు సార్లు వేయండి, ఎందుకంటే ఒకసారి సరైన జవాబు వచ్చినంత మాత్రాన ప్రతిసారీ వస్తుందన్న భరోసా లేదు. మోడల్ వెర్షన్ మార్చినప్పుడు కూడా ఇదే పని చేయాలి.

తప్పు దొరికినప్పుడు కొత్త నియమం చేర్చేముందు, ఉన్న వాక్యాన్నే సరిచేస్తే సరిపోతుందేమో చూడండి. ప్రతి తప్పుకూ ఒక అతుకు వేస్తూ పోతే కొన్నాళ్లకు వివరణలోని రెండు నియమాలు ఒకదాన్నొకటి కాదంటాయి. ఇలాంటప్పుడు వివరణను గట్టిగా చదివి, ఏపీఐ గురించి ఏమీ తెలియని ఒక మనిషికి వినిపించి, పట్టికలోని ప్రశ్నకు ఏ విలువలు పంపుతారో చెప్పమనండి. మనిషి తడబడిన చోటే మోడల్ కూడా తడబడటం నేను పదే పదే గమనించాను.

ఏజెంటును నలుగురి చేతికి ఇచ్చిన తరువాత ఈ పని వారానికి అరగంటకు తగ్గుతుంది. ఖాళీ ఫలితం వచ్చిన కాల్‌లను, తిరస్కరించిన సరుకు పేర్లను లాగ్‌లోంచి తీసి ఒకచోట పెట్టుకుని, ప్రతి సోమవారం వాటిని చదువుతాను. మక్కలు, ఎల్లిగడ్డ, ఉర్లగడ్డ మూడూ నా జాబితాలోకి అలాగే వచ్చాయి. కొత్త మాట కనిపించినప్పుడు ముందు ఆ ప్రాంతం వారిని అడిగి అర్థం ఖాయం చేసుకుని, తరువాత పారామీటర్ వివరణలో చేర్చి, ఆ ప్రశ్నను పట్టికలో కూడా రాసి, మొత్తం మళ్లీ నడిపిన తరువాతే కొత్త వివరణను అమలులో పెడతాను.